గుడి పోయిన తర్వాత ప్రార్థన ఎక్కడికి పోతుంది?

ఆలంపూర్ వెళ్ళినవాళ్ళు జోగుళాంబ అమ్మవారి గుడి చూసి చాలా పాతదనుకుంటారు. పక్కనున్న నవబ్రహ్మ ఆలయాలు నిజంగానే పాతవి, బాదామి చాళుక్యుల నాటివి, 7, 8 శతాబ్దాలవి. అమ్మవారి గుడి మాత్రం 2005లో పూర్తయింది. అంటే మనలో చాలామంది వయసూ ఆ గుడి వయసూ దాదాపు ఒకటే. పాత గుడి 14వ శతాబ్దం చివర బహమనీ సైన్యాల దాడిలో నేలమట్టమైందని అక్కడ చెప్తారు. ఆ తర్వాత సుమారు ఆరు వందల ఏళ్ళు అమ్మవారు పక్కనున్న బాలబ్రహ్మ ఆలయంలో ఉన్నారు. సొంత గుడి లేదు, అయినా శక్తిపీఠం అనే పేరు పోలేదు, పూజ ఆగలేదు.

గుడి పోయినా పూజ ఎట్లా నిలబడింది? ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో కృష్ణా, తుంగభద్రల ఒడ్డున పుట్టినవాళ్ళకి ఇది పుస్తకాల ప్రశ్న కాదు. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళలో వందకు పైగా ఊళ్ళు మునిగాయి. ఊళ్ళతో పాటు దేవుళ్ళూ మునిగారు.

ఇదే ప్రశ్నకు రెండు వేల ఏళ్ళుగా జవాబు వెతికి, దాన్ని రాసిపెట్టుకుని, రోజూ ఆచరిస్తున్నవాళ్ళు యూదులు. అందుకే ఈ నెల మన పత్రికకి వాళ్ళ పవిత్ర స్థలాల గురించీ, అక్కడ చేసే ప్రార్థన గురించీ రాస్తున్నాను. ఏ మతం గొప్పదో తేల్చడానికి కాదు, ఇవాళ్టి యుద్ధాల గురించి తీర్పు చెప్పడానికీ కాదు. చోటు పోగొట్టుకున్న జనం ప్రార్థనను ఎట్లా కాపాడుకున్నారో చూద్దాం, ఆ తర్వాత మన ఏటి ఒడ్డుకి వద్దాం. పేర్లు మన ఊళ్ళలో బైబిల్ చదివేవాళ్ళు పలికే తీరులోనే రాస్తాను.

ఒకే ఒక్క ఆలయం

మనకి ఊరికో గుడి, వాడకో గుడి. ఒకటి పాడుబడితే పక్క ఊరికి పోతాం. పాతకాలపు యూదుల సంగతి వేరు. బలులు అర్పించే ఆలయం వాళ్ళకి ఒక్కటే, అది జెరూసలేంలో ఒక గుట్ట మీద ఉండేది. మొదటిది సొలొమోను రాజు కట్టించాడని బైబిల్ చెప్తుంది. దాన్ని క్రీ.పూ. 586లో బబులోను సైన్యం తగలబెట్టి, జనాన్ని చెరపట్టుకుని పోయింది. సుమారు 70 ఏళ్ళకి, క్రీ.పూ. 516 ప్రాంతంలో, తిరిగొచ్చినవాళ్ళు అదే చోట రెండో ఆలయం కట్టారు. క్రీ.పూ. 20 ప్రాంతంలో హేరోదు రాజు దాన్ని భారీగా విస్తరించడం మొదలుపెట్టాడు. గుట్ట మీద చోటు చాలకపోతే చుట్టూ పెద్ద గోడలు లేపి, లోపల నింపి, పైన చదును చేయించాడు. చివరికి క్రీ.శ. 70లో రోమన్ సైన్యం ఆ ఆలయాన్నీ నాశనం చేసింది. మూడోది ఇప్పటిదాకా లేదు.

నష్టం కట్టడానికి మాత్రమే జరగలేదు. రోజూ పొద్దునా సాయంత్రం అర్పించే బలి అక్కడే జరగాలి. ఏడాదికి మూడు పండగలకి జనం యాత్రగా అక్కడికే రావాలి. యోమ్ కిప్పూర్ రోజున ప్రధాన యాజకుడు అతి పవిత్రమైన లోపలి గదిలోకి ఏడాదికి ఒకే ఒక్కరోజు అడుగుపెట్టాలి. అంతా ఒక్క చిరునామా మీదే ఆధారపడింది. మన భాషలో చెప్పాలంటే సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్. ఆ ఒక్కటీ కూలితే మొత్తం వ్యవస్థ ఆగిపోవాలి.

కానీ ఆగలేదు. ఆ రోజుల్లో యోహానాన్ బెన్ జక్కయి అనే గురువు యవ్నె అనే ఊళ్ళో శిష్యుల్ని కూడగట్టి చదువు సాగించాడు. ఆయన గురించి ఒక కథ ఉంది. ఆలయ శిథిలాలు చూసి, ఇక మా పాపాలు ఎట్లా పోతాయని శిష్యుడు ఏడిస్తే, బలికి సమానమైనది మన దగ్గర ఇంకొకటుంది, తోటివాళ్ళ మీద దయ చూపడం, అని ఆయన ఓదార్చాడట. ఆ తర్వాతి తరాలు ఈ దారిలోనే నడిచి, ఆలయం చేసే పనిని చిన్న చిన్న ముక్కలుగా విడదీసి ప్రతి ఇంటికీ పంచాయి. నాకు అర్థమైనంతలో వాళ్ళు చేసుకున్న ఏర్పాట్లు నాలుగు: దిక్కు, వేళ, మనుషులు, గుర్తు.

దిక్కు

యూదుడు ప్రపంచంలో ఎక్కడున్నా జెరూసలేం వైపు తిరిగి ప్రార్థిస్తాడు. జెరూసలేంలో ఉంటే ఆలయం ఉన్న గుట్ట వైపు. దీనికి మూలం చాలా పాతది. ఆలయం ప్రతిష్ఠించిన రోజున సొలొమోను చేసిన ప్రార్థన రాజుల మొదటి గ్రంథంలో ఉంది. పరాయి దేశంలో చెరలో ఉన్నవాళ్ళు ఈ ఆలయం వైపు తిరిగి వేడుకున్నా వినమని ఆయన దేవుణ్ణి అడుగుతాడు. అంటే గుడి కట్టిన రోజునే, గుడికి దూరమయ్యే రోజు గురించి కూడా మాట్లాడుకున్నారన్నమాట. బబులోనులో దానియేలు కూడా జెరూసలేం వైపున్న కిటికీలు తెరిచి రోజుకి మూడుసార్లు మోకరించేవాడని ఆయన గ్రంథం చెప్తుంది.

ఇక్కడ మనకి నచ్చే లెక్క ఒకటుంది. గద్వాల నుంచి జెరూసలేం వైపు తిరగాలంటే ఏ దిక్కు? అట్లాసు మీద స్కేలు పెట్టి సరళరేఖ గీస్తే, మెర్కేటర్ పటంలో అది పడమర నుంచి ఉత్తరానికి సుమారు 22 డిగ్రీలు. కానీ భూమి గోళం కాబట్టి అతి దగ్గరి దారి గ్రేట్ సర్కిల్ మీద ఉంటుంది. స్ఫెరికల్ ట్రిగనామెట్రీ సూత్రంలో అక్షాంశ రేఖాంశాలు పెట్టి నేను కట్టిన లెక్కకి పడమర నుంచి ఉత్తరానికి సుమారు 30 డిగ్రీలు, దూరం సుమారు 4,600 కిలోమీటర్లు వచ్చింది. రెండు పద్ధతులకి మధ్య 8 డిగ్రీల తేడా. మరి ఏది సరైన దిక్కు?

దిక్సూచి లేని కాలంలోనే ఈ చిక్కుకి దారి చూపించారు. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన మిష్నా అనే ధర్మగ్రంథం ఇట్లా చెప్తుంది: గాడిద మీద పోతుంటే దిగి ప్రార్థించు, దిగలేకపోతే ముఖం తిప్పు, ముఖం తిప్పడానికీ వీల్లేకపోతే మనసును ఆ పవిత్ర గది వైపు తిప్పు. పడవలో ఉన్నవాడికీ అదే మాట. దిక్కు ముఖ్యమే, కానీ దిక్కు దొరకలేదని ప్రార్థన మానొద్దు.

వేళ, మనుషులు, గుర్తు

రెండో ఏర్పాటు వేళ. రోజుకి మూడు ప్రార్థనలు: పొద్దున షహరిత్, మధ్యాహ్నం దాటాక మిన్‌హా, రాత్రి మఆరివ్. ఆలయంలో రోజూ జరిగే రెండు బలుల స్థానంలో మొదటి రెండు ప్రార్థనలు నిలిచాయని తల్మూద్ పండితులు వివరించారు. మూడింటికీ గుండెకాయ అమిదా, అంటే నిలబడి చేసేది. దానికి 18 దీవెనలు అనే పేరు కూడా ఉంది, ఇప్పుడు లెక్కపెడితే 19. జెరూసలేం మళ్ళీ కట్టబడాలని కోరేది అందులో ఒకటి. గుడికి పోలేనివాడు గుడి గడియారాన్ని ఇంటికి తెచ్చుకున్నాడు.

మూడోది మనుషులు. కొన్ని ముఖ్యమైన ప్రార్థనలు చెప్పాలంటే కనీసం పదిమంది ఉండాలి. దాన్ని మిన్యాన్ అంటారు. సంప్రదాయవాదుల లెక్కలో పదిమంది మగవాళ్ళు, కొన్ని శాఖల్లో ఆడవాళ్ళనీ లెక్కిస్తారు. గొప్ప కట్టడం అక్కర్లేదు, పూజారీ అక్కర్లేదు. పదిమంది ఒకచోట చేరితే చాలు. వాళ్ళు చేరే ఇల్లే సినగాగ్, తెలుగు బైబిల్లో సమాజమందిరం. పేరులోనే సమాజం ఉంది చూడండి.

నాలుగోది గుర్తు. కొత్త ఇల్లు కట్టుకుంటే గుమ్మానికి ఎదురుగా గోడ మీద మూరెడు పొడవు, మూరెడు వెడల్పు సున్నం వేయకుండా వదిలేయాలని ఒక ఆచారం. ఎంత బాగా బతుకుతున్నా పోయినదాన్ని మర్చిపోకూడదని. పెళ్ళిలో గాజు గ్లాసు కాలి కింద పగలగొట్టడానికి చెప్పే కారణాల్లో ఇదీ ఒకటి. ఇక ఆవ్ నెల తొమ్మిదో రోజున, మన లెక్కలో జులై ఆగస్టుల్లో, రెండు ఆలయాలూ పోయినందుకు ఉపవాసం ఉంటారు. నేల మీదో పొట్టి పీటల మీదో కూర్చుని విలాపవాక్యములు చదువుతారు. మనింట్లో మనిషి పోతే ఎట్లా కూర్చుంటామో అట్లా.

మిగిలిన గోడ

ఇప్పుడు స్థలాల దగ్గరికి వద్దాం. టీవీలో నల్లకోటు వేసుకున్నవాళ్ళు పెద్ద రాతిగోడ ముందు ముందుకీ వెనక్కీ ఊగుతూ ప్రార్థించడం మీరు చూసే ఉంటారు. అదే పడమటి గోడ, హీబ్రూలో కోటెల్. ఏడుపు గోడ అనేది బయటివాళ్ళు పెట్టిన పేరు.

సివిల్ వాళ్ళు గమనించాలి, ఇది ఆలయం గోడ కాదు. హేరోదు గుట్టను చదును చేయించినప్పుడు చుట్టూ కట్టించిన రిటైనింగ్ వాల్‌లో పడమటి వైపు ముక్క. మొత్తం పొడవు 488 మీటర్లు, అందులో ప్రార్థన మైదానంలో కనిపించేది సుమారు 57 మీటర్లే. మిగతాది ఇళ్ళ వెనకా, సొరంగంలోనూ ఉంది. కింది వరుసల్లోవి హేరోదు కాలపు రాళ్ళు, సున్నం లేకుండా ఒకదాని మీద ఒకటి పేర్చినవి. ఒక్కో వరుస కింది వరుస కంటే కొంచెం లోపలికి జరిగి ఉంటుంది. సొరంగంలో ఉన్న ఒక్క రాయే 13 మీటర్లకు పైగా పొడవుంటుంది. మట్టిని ఆపడానికి కట్టిన గోడకి ఇంత పవిత్రత ఎందుకంటే, జనం చేరగలిగిన చోట్లలో ఆ పోయిన లోపలి గదికి దగ్గరగా మిగిలింది ఇదే అని.

అక్కడ మగవాళ్ళకీ ఆడవాళ్ళకీ వేరు వేరు భాగాలున్నాయి. కాస్త దక్షిణంగా, రాబిన్సన్ ఆర్చ్ దగ్గర, అందరూ కలిసి ప్రార్థించే చోటు ఉంది. కోరికలు చీటీ మీద రాసి రాళ్ళ సందుల్లో పెడతారు. ఆ చీటీలను ఏడాదికి రెండుసార్లు, పస్కా పండగకి ముందూ కొత్త సంవత్సరానికి ముందూ, చదవకుండా తీసి ఒలీవల కొండ మీద పాతిపెడతారు. దేవుడికి రాసిన కాగితాన్ని చెత్తబుట్టలో వేయకూడదని.

గోడ పైన ఉన్న ఆవరణ ముస్లింలకీ ఎంతో పవిత్రం. అక్కడ అల్ అక్సా మసీదు ఉంది, 7వ శతాబ్దం చివర కట్టిన బంగారు గుమ్మటం ఉంది. ఆ పవిత్ర గది కచ్చితంగా ఎక్కడుండేదో తెలియకుండా దాని మీద అడుగు పడుతుందేమోనని చాలామంది నిష్ఠాపరులైన యూదులు పైకే వెళ్ళరు. భక్తితో దూరంగా ఆగిపోవడం కూడా ఒక ఆచారమే.

ఈ గోడ కథలో నొప్పి రెండు వైపులా ఉంది. 1948 నుంచి 1967 దాకా ఆ ప్రాంతం జోర్డాన్ చేతిలో ఉన్నప్పుడు యూదులు అక్కడికి పోలేకపోయారు. 1967 యుద్ధంలో ఇజ్రాయెల్ దాన్ని పట్టుకున్న వెంటనే, గోడ ముందు ఇప్పుడు కనిపించే విశాలమైన మైదానం కోసం మొరాకో వాడ అనే పాత ముస్లిం పేటను కూల్చేసింది. అక్కడ బతుకుతున్న కుటుంబాలు ఇళ్ళు పోగొట్టుకున్నాయి. ఒకరి ప్రార్థనకి చోటు దొరికిన రోజు ఇంకొకరి ఊరు పోయింది. ముంపు తెలిసిన మన ప్రాంతంవాళ్ళం దీన్ని దాటేసి ముందుకు పోలేం.

సమాధుల దగ్గర మొక్కులు

గోడ ఒక్కటే కాదు, పెద్దల సమాధులూ యాత్రా స్థలాలే. హెబ్రోనులోని మక్పేలా గుహలో అబ్రాహాము, శారా, ఇస్సాకు, రిబ్కా, యాకోబు, లేయా ఉన్నారని నమ్మకం. అదే కట్టడం ముస్లింలకి ఇబ్రహీమీ మసీదు. ఇప్పుడు రెండు మతాలకీ వేరు వేరు భాగాలున్నాయి. బేత్లెహేము దగ్గర రాహేలు సమాధి ఉంది. పిల్లలు లేని ఆడవాళ్ళు అక్కడ ఎక్కువగా ప్రార్థిస్తారు, ఎందుకంటే రాహేలు కూడా పిల్లల కోసం ఏళ్ళ తరబడి ఏడ్చిన తల్లి. ఆ సమాధి చుట్టూ ఎర్రదారం చుట్టి, దాన్ని ముక్కలు చేసి చేతికి కట్టుకుంటారు. గుడి దగ్గరి చెట్టుకి ముడుపులు కట్టి, ఉయ్యాల కట్టి మొక్కుకునే మన అక్కలకి ఇది విడమరిచి చెప్పాలా?

ఉత్తరాన మెరోన్ కొండ మీద షిమోన్ బార్ యోహాయ్ అనే రబ్బీ సమాధి ఉంది. లాగ్ బాఓమెర్ రోజున లక్షలమంది చేరి మంటలు వేసి పాడతారు. మూడేళ్ళ మగపిల్లలకి మొదటిసారి జుట్టు తీయించేది కూడా అక్కడే, అదే రోజు. మన పుట్టువెంట్రుకల మొక్కే అనుకోండి. 2021లో ఆ ఉత్సవంలో ఇరుకు దారిలో తొక్కిసలాట జరిగి 45 మంది చనిపోయారు. నల్లమలలో సలేశ్వరం జాతరకి చైత్ర పౌర్ణమప్పుడు లోయలోకి దిగినవాళ్ళకి ఆ ఇరుకు ఎంత భయంకరమో తెలుసు. భక్తి ఎంత ఉన్నా దారి వెడల్పు లెక్క మనుషులే చూసుకోవాలి.

అయితే సమాధుల దగ్గర ప్రార్థన మీద వాళ్ళలోనే పెద్ద చర్చ ఉంది. చనిపోయినవాళ్ళని అడగకూడదు, దేవుణ్ణే అడగాలి, ఆ పుణ్యాత్ముల మంచితనాన్ని గుర్తుచేసి అడగొచ్చు అంటారు పండితులు. సమాధి మీద పూలకు బదులు చిన్న రాయి పెట్టి వస్తారు. నేను వచ్చాను, నిన్ను మర్చిపోలేదు అని చెప్పే రాయి.

మలీద తినే యూదులు

ఇదంతా ఎక్కడో దూరదేశపు సంగతి అనుకోకండి. మహారాష్ట్రలో అలీబాగ్ దగ్గర ఒక బండ మీద గుర్తులున్నాయి. ఏలీయా ప్రవక్త రథం అక్కడినుంచే ఆకాశానికి లేచిందని, ఆ గుర్తులు రథం వల్ల పడ్డాయని కొంకణ్ తీరపు బెనె ఇజ్రాయెల్ యూదులు నమ్ముతారు. బండ మీద భీముడి అడుగులు, రాముడి పాదాలు చూపించే మన ఊళ్ళవాళ్ళకి ఈ కథ సొంత కథలాగే ఉంటుంది. కోరిక తీరినప్పుడు ఆ యూదులు ఏలీయా పేరున చేసే నైవేద్యం పేరేంటో తెలుసా? మలీద! వాళ్ళది అటుకులు, కొబ్బరి, చక్కెర, పండ్లతో. మనది సద్దుల బతుకమ్మకి రొట్టె, బెల్లం నలిపి చేసే ముద్ద, పీర్ల పండక్కీ చేస్తారు. నలపడం అనే అర్థమున్న పారసీ మాట నుంచి వచ్చిన పేరు మూడు మతాల పళ్ళేల్లోకీ చేరింది.

తెలుగు యూదులూ ఉన్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిము అనే చిన్న సమాజం 1991లో సినగాగ్ పెట్టుకుంది. మాదిగ కుటుంబాలవాళ్ళు, అంతకు ముందు చాలామంది క్రైస్తవులు. ఇజ్రాయెల్ తప్పిపోయిన పది గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయిము వంశం మాది అని వాళ్ళు చెప్పుకుంటారు. శనివారం విశ్రాంతి దినం పాటిస్తారు, హీబ్రూ నేర్చుకుంటారు. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే పరిశోధకులు వాళ్ళ మీద 2013లో ఒక పుస్తకమే తెచ్చారు. వంశం కథ చరిత్రకి నిలుస్తుందా అన్నది ఒక ప్రశ్న. కులం పేరుతో ఊరి చివరకి నెట్టబడ్డ మనుషులు తమకో పాత ఊరు, ఓ పవిత్ర నగరం ఉన్నాయని చెప్పుకోవడంలో ఉన్న ఆత్మగౌరవం ఇంకో సంగతి. చూడని జెరూసలేం కూడా మనిషికి వెన్నుదన్నుగా నిలబడగలదు.

మన నీళ్ళ కింద

ఇప్పుడు మన ఏటికి వద్దాం. 1981 ప్రాంతంలో శ్రీశైలం జలాశయం నిండుతున్నప్పుడు మన దేవుళ్ళకి నాలుగు రకాలుగా జరిగింది.

మొదటిది, గోడ కట్టి కాపాడుకోవడం. ఆలంపూర్ నవబ్రహ్మ ఆలయాల్లోకి వెనక నీళ్ళు రాకుండా పెద్ద గోడ కట్టారు. అక్కడ మట్టిని ఆపిన గోడ పూజలందుకుంటోంది, ఇక్కడ నీటిని ఆపిన గోడ పూజని కాపాడుతోంది. 2009 అక్టోబరు వరదకి ఆలంపూర్ నీట మునిగినప్పుడు ఆ గోడకీ ఒక హద్దుందని తెలిసింది.

రెండోది, తరలించడం. కృష్ణా తుంగభద్రలు కలిసే కూడవెల్లిలోని సంగమేశ్వర ఆలయాన్ని రాయి రాయి విప్పి ఆలంపూర్‌లో మళ్ళీ నిలబెట్టారు. పాపనాశి గుళ్ళూ అట్లాగే తరలాయి. నాగర్‌కర్నూల్ వైపు సోమశిల సోమేశ్వరుడు, జటప్రోలు మదనగోపాలస్వామి కూడా ఎత్తైన నేలకి చేరారు. రాళ్ళు అవే. కానీ సంగమేశ్వరుడి దగ్గర ఇప్పుడు సంగమం లేదు. పేరులో మాత్రం మిగిలింది.

మూడోది, వేచి ఉండడం. సోమశిలకి ఎదురుగా, ఆంధ్రప్రదేశ్ వైపు గట్టున, సప్తనదీ సంగమేశ్వరం ఉంది. అక్కడి శివలింగం వేపకర్రది. ఏడాదిలో ఎక్కువ నెలలు గుడి నీళ్ళలోనే ఉంటుంది. ఎండాకాలం మట్టం తగ్గాక బయటపడుతుంది. అప్పుడు బురద కడిగి, పూజలు మొదలుపెడతారు. సోమశిల నుంచి పడవల్లో జనం పోతారు. మళ్ళీ వరద వచ్చి గర్భగుడి మునుగుతుంటే వీడ్కోలు పూజ చేసి వెనక్కొస్తారు. దేవుడి దర్శన వేళలు జలాశయం మట్టం నిర్ణయిస్తుంది.

నాలుగోదాన్ని ఎవరూ లెక్క రాయలేదు. మా అవ్వ పుట్టి పెరిగిన ఊరు ఇప్పటి వనపర్తి జిల్లాలో కృష్ణ ఒడ్డున ఉండేది. ఊళ్ళో పోచమ్మ ఎట్లా ఉండేదని ఒకసారి అడిగాను. "గుడి ఏడుందిరా, యాపచెట్టు కింద రాయి. పసుపు రాస్తుంటిమి, బొట్టు పెడుతుంటిమి. ఊరు ఇడిసేనాడు లారీ ఎక్కుడే ఎక్కువాయె, తల్లిని ఎవలు ఎత్తుకొస్తరు బిడ్డా" అంది. చెక్కిన గుళ్ళకి నంబర్లు వేసి విప్పారు. చెట్టు కింది రాయికి నంబరు పడలేదు. బొడ్రాయి, మైసమ్మ, చిన్న దర్గా, పాత సమాధులు, ఊరి చర్చి, ఇవన్నీ ఊరితో పాటే నీళ్ళలోకి పోయాయి.

కొత్త ఊళ్ళో ఇంకో వేపచెట్టు కింద ఇంకో పోచమ్మను పెట్టుకున్నారు. బోనాలప్పుడు అవ్వ బోనం దించాక ముందు ఏటి దిక్కు తిరుగుతుంది. సాక నీళ్ళు అటు చల్లి, పిడికెడు అన్నం అటు పెట్టి, అప్పుడు కొత్త పోచమ్మ ముందు మొక్కుతుంది. ఎందుకని అడిగితే "ఆమె ఆడనే ఉన్నది గదా" అంటుంది. మా అవ్వకి మిష్నా పేరు తెలియదు, జెరూసలేం మా పక్కింటి పాస్టరు గారి నోట విన్నదే. అయినా దిగలేనివాడు ముఖం తిప్పాలి, ముఖం తిప్పలేనివాడు మనసు తిప్పాలి అన్న సూత్రం ఆమె చేతిలో ఉంది. వాడపిల్లలకి దిక్కు చూపించి చెప్తుంది కూడా. ఏడాదికో వేళ, ఒక దిక్కు, చుట్టూ మనుషులు, పిడికెడు అన్నం గుర్తు. నాలుగు ఏర్పాట్లూ ఉన్నాయి.

తేడా ఎక్కడుంది

తేడా ఒక్కటే. వాళ్ళు రాసిపెట్టుకున్నారు, మనం రాసిపెట్టుకోలేదు. యూదులకి ఆలయం కొలతలు, బలుల క్రమం, ఎవరు ఏ పాట పాడాలి అన్నది మిష్నాలో అధ్యాయాలకి అధ్యాయాలు ఉంది. ఆలయం పోయి వందేళ్ళు దాటాక కూడా అది ఇప్పుడే కళ్ళముందు ఉన్నట్టు రాశారు. అందుకే రెండు వేల ఏళ్ళ తర్వాత పుట్టిన పిల్లాడికి కూడా అది తెలుసు. అవ్వ తిరిగే దిక్కు మాత్రం అవ్వతోనే పోతుంది. ఆమె తర్వాత మా ఇంట్లో ఎవరైనా ఏటి వైపు తిరిగినా, ఎవరి కోసం తిరుగుతున్నారో చెప్పలేరు. అప్పుడది ఉత్త అలవాటు. ఇంకో తరానికి అలవాటు కూడా ఉండదు.

ముంపు నాటికి పెళ్ళయిన ఆడవాళ్ళు ఇప్పుడు అరవై దాటి ఉంటారు, చాలామంది డెబ్బై దాటారు. మన చేతిలో ఉన్న టైము అంతే. కాబట్టి ఈ సెమిస్టర్ సెలవులకి ఇంటికి పోయే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మిత్రులకి నాదొక విన్నపం. మీ ఇంట్లోనో పక్కింట్లోనో మునిగిన ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్ళుంటే కూర్చుని నాలుగు ప్రశ్నలు అడగండి. మీ ఊళ్ళో ఏయే దేవుళ్ళు, పీర్లు, సమాధులు ఉండేవి? ఎవరు ఎప్పుడు మొక్కేవాళ్ళు? ఊరు విడిచేటప్పుడు ఏం తెచ్చుకున్నారు, ఏం వదిలేశారు? ఇప్పుడు ఏ దిక్కు తిరిగి మొక్కుతారు? ఫోన్‌లో రికార్డు చేయండి, వాళ్ళ మాట వాళ్ళ యాసలోనే ఉంచండి. వాళ్ళు ఒప్పుకుంటేనే సుమా.

వచ్చినవన్నీ మన క్లబ్బు తరఫున ఊరు పేరు వారీగా ఒకచోట పెడదాం. జీఐఎస్ తెలిసిన సివిల్ మిత్రులు పాత టోపోషీట్ల మీద ఆ ఊళ్ళు ఎక్కడుండేవో గుర్తిస్తే, పోచమ్మ చెట్టు ఉన్న చోటుకి ఒక చుక్క పెట్టొచ్చు. కంప్యూటర్ సైన్స్ వాళ్ళు ఆ చుక్కకి ప్రతి కొత్త కాలనీ నుంచి దిక్కు ఎంతో లెక్కకట్టే చిన్న ప్రోగ్రాం రాయొచ్చు. గద్వాల నుంచి జెరూసలేంకి కట్టిన లెక్కే, దూరం మాత్రం పది పదిహేను కిలోమీటర్లు. మొదటి చుక్క మా అవ్వ ఊరిది నేను పంపుతున్నాను. రెండోది ఎవరిదో చెప్పండి.